దిగేటప్పుడు వదులు, వచ్చేటప్పుడు బిగువు

మూతి వైపు నుంచి మందు కూరి పేల్చే రైఫిల్‌కు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. గొట్టం లోపలి గోడల మీద మెలితిరిగిన గాడులుంటాయి. సీసపు గుండు ఆ గాడుల్ని గట్టిగా పట్టుకుని బయటికి రావాలి. అప్పుడే అది తన చుట్టూ తాను తిరుగుతూ, గురి తప్పకుండా పోతుంది. కానీ అదే గుండు అదే మూతి గుండా, అవే గాడుల మీదుగా ముందు లోపలికి దిగాలి. బిగువుగా రావలసింది బిగువుగానే దిగుతానంటే కూరేవాడి రెక్కలు పడిపోతాయి. వదులుగా దించితే అది గాడుల్ని పట్టించుకోకుండా వదులుగానే బయటపడుతుంది. సుమారు 1500 ప్రాంతంలో జర్మన్ మాట్లాడే ఊళ్లలో గాడుల గొట్టాలు తయారవడం మొదలైంది. 1860ల్లో సైన్యాలు వాటిని పక్కన పెట్టాయి. ఈ మూడున్నర శతాబ్దాలూ తుపాకీ పనివాళ్లు, వేటగాళ్లు, గణిత పండితులు, సైనికాధికారులు ఈ ఒక్క ప్రశ్నతోనే కుస్తీ పట్టారు.

వాళ్లిచ్చిన జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కష్టాన్ని ఎవరూ పూర్తిగా తీసేయలేకపోయారు, చోటు మాత్రం మార్చారు. ఒకరు దాన్ని మనిషి భుజబలం మీద వేశారు, ఇంకొకరు గుడ్డపేలిక మీద, మరొకరు గొట్టం అడుగున, వేరొకరు గుండు ఆకారం మీద. ఎక్కడ వేశారన్నదాన్ని బట్టే ఆ తుపాకీ వేటగాడికి పనికొచ్చిందా, సిపాయికి పనికొచ్చిందా అన్నది తేలింది.

గాడులు లేని నున్నటి గొట్టానికి ఈ బాధ లేదు. బ్రిటిష్ సిపాయి మోసిన బ్రౌన్ బెస్ గొట్టం లోపలి వ్యాసం 0.75 అంగుళం అయితే, గుండు 0.69 దరిదాపుల్లో ఉండేది. మందు పోసి గుండు వదిలితే జారుకుంటూ అడుగుకు పోతుంది. నిమిషానికి మూడుసార్లు పేల్చవచ్చు, ఏ వంద గజాల అవతలి మనిషికో తగిలితే అదృష్టం. 1757లో బొబ్బిలి మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట నడిచిన దళాలు మోసినవీ ఈ జాతివే. ఈనాటికీ మన మన్యంలో అక్కడక్కడ కనిపించే నాటు తుపాకీ ఈ కుటుంబానిదే. 1959 నాటి ఆయుధాల చట్టంలో పంట కాపలాకు వాడే మూతి మందు తుపాకీ లైసెన్సు ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. దాన్ని కూరే పద్ధతి వేరే కథ, అందులో బిగువు సమస్యే లేదు. కాబట్టి గాడుల గొట్టాల దగ్గరికే వద్దాం.

అసలు శత్రువు గాడులు కూడా కాదు, మసి. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసిన పాతకాలపు మందు కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగగా పోతుంది, మిగిలింది గొట్టం గోడకు పట్టుకుంటుంది. ఆ మడ్డి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడి వాతావరణంలో మెత్తగా జిగటగా ఉంటుంది, పొడి ఎండలో రాయిలా గట్టిపడుతుంది. శుభ్రమైన గొట్టంలోకి హాయిగా దిగిన గుండు, నాలుగైదు దెబ్బల తర్వాత సగంలోనే మొరాయించడానికి కారణం ఇదే. తుపాకీ పుస్తకాల్లో గురి గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, మసి గురించి రెండు పేరాలు ఉంటాయి. నన్నడిగితే ఆ లెక్క తిరగబడాలి. కూరే పద్ధతుల్లో వచ్చిన ప్రతి మార్పు వెనకా ఈ మసి ఉంది.

మొదటి జవాబు మొరటుది. గొట్టం వ్యాసానికి సమానంగానో, వీసమెత్తు పెద్దగానో గుండు పోతపోసి, మూతిలో పెట్టి, ఇనుప కడ్డీతో, సుత్తితో దిగ్గొట్టడం. సీసం మెత్తన, కాబట్టి గాడుల అచ్చు దాని మీద పడుతుంది. గుండు దిగుతుంది, నిజమే. కానీ దిగేసరికి దాని ముక్కు చదునవుతుంది, గుండ్రం చెడుతుంది. పైగా ఆ చప్పుడుకు అడవిలో జింక ఉంటుందా? బంగళా పక్కన బల్ల మీద తీరిగ్గా కూర్చుని గురిపందేలు ఆడే దొరకు సరిపోయే పద్ధతి ఇది.

రెండో జవాబు పేలిక. ఇంత చిన్న ఉపాయం ఇంత పెద్ద పని చేయడం తుపాకుల చరిత్రలో అరుదు. గుండును గొట్టం కంటే కాస్త చిన్నగా పోస్తారు. నూనో కొవ్వో పట్టించిన నార గుడ్డ ముక్కనో పల్చటి తోలునో మూతి మీద పరిచి, దాని మీద గుండు పెట్టి, రెండింటినీ కలిపి లోపలికి నొక్కుతారు. గాడుల్ని పట్టుకునేది గుడ్డ, గుండును పట్టుకునేదీ గుడ్డే. పేలినప్పుడు గుడ్డ గాడుల వెంట తిరుగుతూ గుండును తిప్పుతుంది, మూతి దాటగానే గాలి తగిలి విడిపోయి కొద్ది గజాల్లో రాలిపోతుంది. సీసం ఇనుముకు తగలదు, కాబట్టి గొట్టానికి సీసం అంటదు. కొవ్వు మసిని మెత్తబరుస్తుంది. కిందికి దిగేటప్పుడు పేలికే ముందటి దెబ్బ తాలూకు మసిని తుడుచుకుంటూ పోతుంది. ఒక్క గుడ్డముక్క నాలుగు పనులు చేస్తోంది.

ఈ పద్ధతిని శాస్త్రలోకం ముందు పెట్టినవారిలో బెంజమిన్ రాబిన్స్ ముఖ్యుడు. 1742లో ఫిరంగి విద్య మీద కొత్త సూత్రాలతో పుస్తకం రాసి యూరప్‌ను ఆశ్చర్యపరిచిన ఈ ఆంగ్లేయ గణితజ్ఞుడు, 1747లో రాయల్ సొసైటీ ముందు గాడుల గొట్టాల గురించి చదివాడు. సుత్తితో దిగ్గొట్టే పద్ధతినీ, జర్మనీ, స్విట్జర్లాండ్ ప్రాంతాల పేలిక పద్ధతినీ పోల్చి చెప్పాడు. ఏ దేశం రైఫిల్ సంగతిని పూర్తిగా గ్రహించి తన సైన్యానికి అలవాటు చేస్తుందో దానికి పైచేయి వస్తుందని ముందే హెచ్చరించాడు. ఆయన మాట నిజం కావడానికి వందేళ్లు పట్టింది. ఆయన మాత్రం ఈస్టిండియా కంపెనీ కోటల ఇంజనీరుగా మన వైపే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో నలభై నాలుగేళ్లకే కన్నుమూశాడు.

పేలికకు అసలు కీర్తి తెచ్చింది అమెరికాలోని పెన్సిల్వేనియా. అక్కడ స్థిరపడిన జర్మన్, స్విస్ పనివాళ్లు పొట్టి జర్మన్ వేట రైఫిల్‌ను సాగదీసి, గొట్టాన్ని నలభై అంగుళాలు దాటించి, వ్యాసం తగ్గించారు. సన్నటి గుండుకు సీసం తక్కువ, మందు తక్కువ. నెలల తరబడి అడవిలో తిరిగే వేటగాడికి మోత తగ్గడం కంటే కావలసిందేముంది? ఆ తుపాకీ మడమకు పక్కన ఇత్తడి మూతతో చిన్న అర ఉండేది. కొవ్వు రాసిన పేలికలు అందులో ఉండేవి. సీసం, మందు ఎంత విలువైనవో 1803లో బయలుదేరిన లూయిస్, క్లార్క్ యాత్ర చూస్తే తెలుస్తుంది. వాళ్లు మందును యాభై రెండు సీసపు డబ్బాల్లో నింపారు. ఒక్కో డబ్బాలో నాలుగు పౌన్ల మందు, డబ్బా బరువు ఎనిమిది పౌన్లు. మందు అయిపోతే ఆ డబ్బానే కరిగించి గుళ్లు పోసుకోవడమే. నదుల్లో పడవలు తలకిందులైనా మందు తడవలేదు.

కూరే క్రమం చెప్పుకోవడానికి తేలికే. కొమ్ములోని మందును ముందు చిన్న కొలత గొట్టంలోకి వంచి, అక్కడి నుంచి తుపాకీలోకి పోయాలి. కొమ్ము నుంచి నేరుగా పోయకూడదు. గొట్టం అడుగున ముందటి దెబ్బ తాలూకు నిప్పురవ్వ మిగిలి ఉంటే కొలతలోని చిటికెడు మందు భగ్గుమంటే వేళ్లు కాలతాయి, కొమ్ము మొత్తం అంటుకుంటే చెయ్యే పోతుంది. తర్వాత పేలిక పరిచి, పోతపోసినప్పుడు మిగిలిన తోక పైకి వచ్చేలా గుండు పెట్టి బొటనవేలితో నొక్కుతారు. మిగులు గుడ్డను మూతి అంచున కత్తితో కోసేస్తారు. కడ్డీని మూతి దగ్గరగా పట్టుకుని కొద్దికొద్దిగా తోస్తారు. దూరంగా పట్టుకుని ఒక్క ఊపుతో తోస్తే హికరీ కొయ్య కడ్డీ విరిగి అరచేతిలో దిగుతుంది. గుండు మందు మీద ఆనేదాకా దించాలి. మధ్యలో ఖాళీ మిగలడం ఈ విద్యలో మహాపాపం, పేలినప్పుడు ఆ చోట గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే తెలిసినవాళ్లు కడ్డీ మీద గీత గీసుకుంటారు: గుండు సరిగ్గా కూర్చుంటే గీత మూతి దగ్గర ఆగుతుంది. చివరగా చెకుముకి పళ్లెంలో సన్నటి మందు చిటికెడు.

ఇక్కడి నుంచే తగవులు. మొదటిది, ఉమ్మా కొవ్వా? నోట్లో నానబెట్టిన పేలిక చవక, చేతిలో ఉన్న పని, మసిని బాగా కరిగిస్తుంది. కానీ కూరిన తుపాకీతో పొద్దంతా అడవిలో తిరిగితే ఆ తడి మందుకు ఎక్కుతుంది, గొట్టానికి తుప్పు పడుతుంది. వేటకు పశువుల కొవ్వు, ఎలుగుబంటి కొవ్వు, తేనెమైనం మేలు. పందెం బరిలో కూరిన వెంటనే పేల్చేవాడికి ఉమ్మే చాలు. ఈ తగవుకు రెండు జవాబులూ ఒప్పే.

రెండోది ఇంకా ముదిరింది. ఈనాటి అభిమానులు చాలామంది బిగుతైన గుండును మూతిలోకి దించడానికి పిడి ఉన్న పొట్టి కొయ్య మేకు ఒకటి వాడతారు. అరచేత్తో ఒక్క గుద్దు గుద్దితే గుండు మూతి దాటుతుంది. ఇది పాతకాలపు పనిముట్టేనా? 18వ శతాబ్దపు వేట సంచుల్లో, ఆస్తుల జాబితాల్లో దాని జాడ చాలా అరుదు. మరి వాళ్లెలా దించారు? దొరికిన పాత గొట్టాల్లో కొన్నింటి మూతి లోపలి అంచు కాస్త వెడల్పుగా, గరాటు తీరులో ఉంది. అలాంటి మూతిలో బొటనవేలి నొక్కుడుకే గుండు కూర్చుంటుంది, గుడ్డ తనంతట తాను మడతపడుతుంది. ఈ వెడల్పు కావాలని చేసిందా, శతాబ్దం పాటు కడ్డీ రాపిడికి అరిగిందా అన్నది ఒక్కో తుపాకీని చూసి తేల్చాల్సిన విషయం. నా మొగ్గు ఇటు: ఆనాటి వేటగాడు మన బల్లమీది గురికాడంత బిగువు కోరుకోలేదు. అరవై గజాల్లో జింక మెడ తగిలితే అతనికి చాలు. 0.50 అంగుళాల గొట్టంలో 0.490 గుండు, 0.015 మందం గుడ్డ పెట్టి వెంట్రుకవాసి తేడాలు కొలవడం తీరిక ఉన్న మన కాలపు జబ్బు.

జబ్బే అయినా దాని వల్ల ఒక మంచి విద్య నిలిచింది, రాలిన పేలికల్ని చదవడం. పేల్చాక నాలుగడుగులు ముందుకెళ్లి గుడ్డముక్కలు ఏరుకొస్తారు. నడుమ కాలి చిల్లు పడితే కొవ్వు చాలలేదు, లేదా గుడ్డ పల్చన. అంచులు చారలుగా కోసుకుపోతే కొత్త గొట్టంలో గాడుల అంచులు ఇంకా పదును తగ్గలేదు. మసి సమానంగా పూల రేకుల్లా పడి, గుడ్డ చిరగకుండా ఉంటే ఆ కూర్పు కుదిరినట్టు. లక్ష్యం మీది చిల్లుల కంటే ఈ గుడ్డముక్కలే ఎక్కువ చెబుతాయి.

సైన్యానికి వచ్చేసరికి పేలిక కథ మారుతుంది. 1800లో వూల్విచ్ పరీక్షల్లో ఎజికియెల్ బేకర్ రైఫిల్ నెగ్గింది. ముప్ఫై అంగుళాల గొట్టం, ఏడు గాడులు, గొట్టం పొడవునా పావు చుట్టు మాత్రమే మెలి. గుండు దించడానికి మొదట్లో సిపాయిలకు చిన్న కొయ్య సుత్తులు ఇచ్చారు, కొద్దికాలానికే అవి మూలపడ్డాయి. బేకర్ మోసిన రైఫిల్‌మన్ దగ్గర రెండు రకాల సరుకుండేది: తీరికగా గురిచూసి కొట్టడానికి పేలిక, విడి గుండు; శత్రువు మీదికొచ్చేస్తే కాగితపు తూటా. పేలికతో నిమిషానికి రెండు పేల్చడమే గగనం. 1807లో నెపోలియన్ తన సైన్యంలోంచి రైఫిళ్లను తీసేయించడానికి ఈ నత్తనడకే కారణం. ఒకే తుపాకీని రెండు విధాల కూరడం రాజీ బేరం, కానీ నిజాయితీ ఉన్న బేరం. ఎప్పుడు ఏది కావాలో ఎంచుకునే పని సిపాయి బుర్రకు వదిలారు. ఆనాటి సైన్యాల్లో అది చిన్న సంగతి కాదు.

దాని తర్వాత 1830ల చివర్లో వచ్చిన బ్రన్స్‌విక్ రైఫిల్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మర్యాద. రెండే గాడులు, గుండు నడుముకు వడ్డాణంలా ఒక పట్టీ. ఆ పట్టీని గాడుల్లో సరిగ్గా కూర్చోబెట్టి దించాలి. మసి పట్టాక ఆ పట్టీ కదలదు. 1852లో బ్రిటిష్ పరీక్షా సంఘమే, దీన్ని కూరడం ఇంత కష్టమైతే రైఫిల్ దళాలు ఇన్నాళ్లెలా భరించాయోనని ఆశ్చర్యపోయింది.

ఫ్రాన్సులో అప్పటికే ఆలోచన వేరే దారి పట్టింది. గుండు వదులుగానే దిగనీ, దిగాక లోపల దాన్ని లావు చేద్దాం అన్నారు. 1826లో డెల్విన్ గొట్టం అడుగున మందు గదిని సన్నగా చేశాడు. గుండు ఆ గది అంచు మీద కూర్చుంటుంది, కడ్డీతో నాలుగు దెబ్బలేస్తే పక్కలకు ఉబ్బి గాడుల్లో దూరుతుంది. గుండు చితికి ఆకారం చెడడం, ప్రతి సిపాయి ఒక్కో బలంతో కొట్టడం దీని లోపాలు. 1840ల్లో తూవ్‌నాన్ మందు గది నడుమ ఒక ఉక్కు స్తంభం నిలబెట్టాడు. మందు దాని చుట్టూ సర్దుకుంటుంది, కోసుగా ఉన్న గుండు స్తంభం మీద ఆని దెబ్బలకు విచ్చుకుంటుంది. గురి చాలా మెరుగుపడింది. కానీ ఆ స్తంభం చుట్టూ మసి తుడవడమంటే నరకం, వంగితే తుపాకీ చెత్తబుట్టకే. దిగ్గొట్టే సుత్తి మూతి దగ్గర్నుంచి గొట్టం అడుగుకు మారిందంతే.

మరి కొట్టే పని మనిషికి బదులు మందే చేస్తే? ఈ ఆలోచన తొలిగా తట్టినవారిలో ఒకడైన కెప్టెన్ జాన్ నార్టన్ మన దక్షిణాదిలో పనిచేసినవాడే. ఇక్కడివాళ్లు ఊదుగొట్టంతో వేసే బాణం వెనక తామరకాడ బెండు పెట్టడం, ఊదినప్పుడు అది విచ్చుకుని గొట్టాన్ని మూసేయడం అతను గమనించాడని చెబుతారు. 1823లో అడుగు డొల్లగా ఉన్న కోసు గుండు చేసి చూపాడు. అధికారులు పట్టించుకోలేదు. 1830ల్లో విలియం గ్రీనర్ దాదాపు ఇలాంటిదే తెచ్చాడు, దాన్నీ తోసిపుచ్చారు. 1849 నాటికి ఫ్రెంచి కెప్టెన్ మినియే అదే సూత్రానికి ఒక రూపం ఇచ్చాడు: డొల్ల అడుగులో ఇనుప గిన్నె, పేలుడుకు ఆ గిన్నె ముందుకు దూరి సీసపు అంచును గాడుల్లోకి నెడుతుంది. బోరింగు పంపులో తోలు వాషరు నీటి ఒత్తిడికి అంచు విప్పుకుని గొట్టాన్ని పట్టేసే తీరు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం మినియేకు 20,000 పౌన్లు ఇచ్చింది. గ్రీనర్ గొడవ చేస్తే అతనికి 1,000 పౌన్లు దక్కాయి.

ఆ ఇనుప గిన్నె అప్పుడప్పుడు గుండును చీల్చుకుని ముందుకు పోయేది, సీసపు కడియం గొట్టంలోనే మిగిలేది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ గిన్నె అసలు అక్కర్లేదని, డొల్ల అడుగే చాలని తేల్చాడు. 1855లో అమెరికా సైన్యం దాన్నే తీసుకుంది. ఇక్కడితో పాత చిక్కుకు సైన్యం కోరుకున్న జవాబు దొరికింది. గొట్టం కంటే చిన్న గుండు నున్నటి తుపాకీలో జారినట్టే జారుతుంది, పేలినప్పుడు బిగుస్తుంది. పేలిక, సుత్తి, నేర్పు ఏవీ అవసరం లేదు. మూడు వారాల కిందట నాగలి పట్టినవాడు కూడా నిమిషానికి మూడుసార్లు కూరగలడు. మినియే గుండు పేలికకంటే గురిలో గొప్పదని చాలామంది రాస్తారు. దగ్గరి దూరాల్లో ఆ మాట నేనొప్పుకోను, పేలిక చుట్టిన గుండ్రటి గుండు అక్కడ ఎవరికీ తీసిపోదు. కోసు గుండు గెలిచింది దూరంలో, వేగంలో, అన్నింటికంటే సిపాయి నేర్పు మీద ఆధారపడకపోవడంలో.

ఆ నేర్పును తూటా కాగితంలోకి చుట్టిపెట్టడమే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. 0.577 అంగుళాల గొట్టం, మూడు గాడులు. కాగితపు గొట్టంలో ఒక వైపు మందు, రెండో వైపు గుండు. మందు వైపు కొసను పళ్లతో చించి, మందు పోసి, తూటాను తిరగేసి, గుండున్న కొసను మూతిలో దూర్చి, మిగులు కాగితం తుంచేసి కడ్డీతో దించాలి. గుండు చుట్టూ ఉన్న కాగితానికి కొవ్వు, తేనెమైనం పట్టించేవారు. అంటే ఆ కాగితమే పాత పేలికకు వారసురాలు. ఆ కొవ్వు ఏ జంతువుదన్నది ఎవరూ సరిగ్గా కనిపెట్టి చూడలేదు. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఆవు కొవ్వు, పంది కొవ్వు మాట పుట్టింది. పళ్లతో చించే కొస, కొవ్వు పూసిన కొస ఒకటి కాదని కొందరు చరిత్రకారులు గుర్తుచేస్తారు. మాట నిజమే, కానీ వాదనగా అది నిలవదు. జిడ్డు కారే తూటాను పట్టుకున్న వేళ్లతోనే రెండో కొసను నోట్లో పెట్టాలి. పైగా సిపాయిల అనుమానం కాగితం మెరుపు మీద కూడా ఉంది. మీరట్‌లో ఏప్రిల్ 24న తొంభై మందిలో ఎనభై ఐదుగురు అశ్వదళం వాళ్లు తూటా ముట్టబోమన్నారు. అవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కూడా కావు, పాత రకానివే. అప్పటికి తూటా సంగతి సాంకేతికం దాటిపోయింది. పళ్లకు బదులు చేత్తో చించవచ్చని కవాతు నియమం మార్చినా ఆలస్యమైంది. తెలుగువాళ్లు చాలామంది ఉన్న మద్రాసు సైన్యంలో మాత్రం ఆ ఏడాది పెద్ద తిరుగుబాటు రాలేదు.

ఈ గొడవలో మరుగునపడిన చిన్న సాంకేతిక సంగతి ఒకటుంది. మన ఎండలకు నిల్వ తూటాల కొవ్వు కరిగి జారిపోయి, గుండ్లు గొట్టంలో బిగుసుకునేవి. ఇంగ్లండ్ చలిలో కుదిరిన 0.568 అంగుళాల గుండు ఇక్కడి మసికి సరిపడలేదు. 1859 నుంచి దాన్ని 0.55కు తగ్గించారు. రైఫిల్ కూరే విద్యలో వాతావరణానికి ఎంత పాత్ర ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కూరడం తేలికైందన్నాం. ఎంత తేలికైనా యుద్ధరంగంలో ఏమైందో అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులై నాటి గెటిస్‌బర్గ్ చూపింది. పోరు ముగిశాక మైదానంలో ఏరిన 27,574 తుపాకుల్లో దాదాపు 24,000 కూరి ఉన్నవే దొరికాయని లెక్క. వాటిలో సగానికి పైగా ఒకటికి మించిన మోతాదులతో ఉన్నాయి, ఒకదానిలో ఇరవై మూడు. మనిషి మనిషిని చంపడానికి ఇష్టపడక పేల్చినట్టు నటించారని దీనికొక వ్యాఖ్యానం బాగా ప్రచారమైంది. నాకది కథలా అనిపిస్తుంది. పక్కన వందలమంది పేలుస్తున్నప్పుడు నీ తుపాకీ పేలిందా, మందుకు నిప్పందించే చిన్న క్యాప్ మాత్రమే పేలిందా తెలియదు. క్యాప్ పెట్టడం మరిచిపోతే అసలే తెలియదు. మసి మూసిన రంధ్రం గుండా నిప్పు దిగకపోతే, భయంలో ఉన్న చేతులు కవాతులో నేర్చిన వరసలోనే మరో తూటా, దాని మీద ఇంకోటి కూరుకుంటూ పోతాయి. గీత గీసిన కడ్డీ ఉంటే ఈ తప్పు ఒక్క చూపులో తెలిసేది. సైన్యం ఆ గీతను సిపాయికి నేర్పలేదు.

సైన్యం వేగం వైపు వెళ్తుంటే గురిపందెగాళ్లు సరిగ్గా ఎదురు దిక్కుకు వెళ్లారు. వాళ్ల వస్తువుల్లో అందమైనది దొంగమూతి. గొట్టం మూతి కొసనే ఒక ముక్కగా కోసి, మేకులతో మళ్లీ అమర్చేలా చేస్తారు. గుండును దించేటప్పుడు ఆ ముక్క పెట్టి, దాని గుండా తోసి, పేల్చే ముందు తీసేస్తారు. కడ్డీ రాపిడి అంతా దొంగమూతే భరిస్తుంది, అసలు మూతి పదును చెడదు, గుండు ముక్కు చితకదు. 1840లో దీనికి పేటెంట్ పొందినవాడు ఆల్వన్ క్లార్క్. తర్వాత టెలిస్కోపు కటకాలు నూరడంలో ప్రపంచంలోనే మేటి అయినవాడు ఇతనే. అతని సంస్థ నూరిన 26 అంగుళాల కటకంతోనే 1877లో అసఫ్ హాల్ అంగారకుడి ఉపగ్రహాలు రెండింటినీ కనుగొన్నాడు. మూతి అంచులో వెంట్రుకవాసి తేడా గుండును ఎటు తిప్పుతుందో పట్టుకున్న చూపే, గాజు అంచులో అలాంటి తేడానూ పట్టుకుంది.

విట్‌వర్త్ రైఫిల్ ఈ దారికి పరాకాష్ఠ. 0.45 అంగుళాల ఆరుపలకల గొట్టం, ఇరవై అంగుళాలకు ఒక చుట్టు. 1860లో వింబుల్డన్‌లో గురిపందేలు ప్రారంభిస్తూ విక్టోరియా రాణి తొలి గుండు పేల్చింది దీనితోనే. యంత్రంలో బిగించిన తుపాకీ, నాలుగు వందల గజాలు, నడిబొడ్డుకు అంగుళంన్నర లోపల తగిలింది. కానీ అంత సన్నటి గొట్టం మసి పట్టాక మొండికేస్తుంది, ఖరీదూ ఎక్కువ. సైన్యం దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంది.

అటు వేగమూ, ఇటు గురీ ఎంత పెరిగినా మూతి నుంచి కూరేవాడికి ఒక లోపం తప్పలేదు. అతను నిలబడాలి. పడుకుని కడ్డీ దించడం సాధ్యం కాదని కాదు, అగచాట్లు. 1866లో కోనిగ్రాట్జ్ దగ్గర ప్రష్యా సిపాయిలు నేల మీద పడుకుని వెనక నుంచి తూటా పెట్టే డ్రెయ్‌సె తుపాకులతో పేలుస్తుంటే, ఆస్ట్రియావాళ్లు నిలబడి లోరెంజ్ రైఫిళ్లలో కడ్డీలు దించుతున్నారు. లోరెంజ్ దూరంలో మెరుగైన తుపాకీ, అయినా ఫలితం మారలేదు. అదే ఏడాది బ్రిటన్ తన ఎన్‌ఫీల్డ్‌ల వెనక భాగం కోసి, స్నైడర్ తలుపు అమర్చడం మొదలుపెట్టింది.

పాత విద్య అంతరించిపోలేదు. అమెరికాలో మూతి మందు తుపాకుల జాతీయ సంఘం 1933 నుంచి ఉంది, ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే పల్లె దాని బరి. అంతర్జాతీయ సంఘం 1971 నుంచి ప్రపంచ పోటీలు నడుపుతోంది. అక్కడ ప్రతి మోతాదూ ముందే కొలిచి చిన్న గొట్టాల్లో పోసుకు రావాలి, కొమ్ము బరి గీత దాటి రాకూడదు. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా జింకల వేట కాలం ఉంది.

ఇప్పటి పెద్ద తగవు ఇన్‌లైన్ తుపాకుల మీద. 1985లో టోనీ నైట్ మార్కెట్లోకి తెచ్చిన రకం చూడ్డానికి కొత్తకాలపు రైఫిలే. నిప్పు నేరుగా మందు వెనక నుంచి తగులుతుంది, మందు బిళ్లల రూపంలో వస్తుంది, గుండుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ప్రత్యేక వేట కాలం రాయితీని దొడ్డిదారిన వాడుకోవడమని పాతవాళ్ల కోపం. కోపం నాకు అర్థమవుతుంది, కానీ వాదన అంత గట్టిది కాదు. బర్టన్ గుండును చూసి పేలికవాళ్లు కూడా ఇదే అని ఉంటారు. ఈ కొత్త మందులు కొన్ని గొట్టంలో గుండు కూర్చునే చోటే గట్టి మడ్డి ఉంగరంలా పేరుకుంటాయి. తడి గుడ్డతో దాన్ని తుడవకుండా రెండోసారి కూరితే ప్లాస్టిక్ తొడుగు అక్కడే బిగుసుకుని, గుండు మందు మీద ఆనకుండా ఆగిపోతుంది. అందుకే ఆ తుపాకుల తయారీదారులు కూడా కడ్డీ మీద గీత పెట్టుకోమనే చెబుతారు.